బొమ్మలు ఇంటినిండా ఉన్నా పిల్లలు ఎందుకు ఆడుకోవట్లేదు?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కడప, ఎర్రముక్కపల్లె. పాప పుట్టాక ఉద్యోగం మానేసి ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటున్నాను. మా పాపతో కలిపి ఏడుగురు, అందరూ ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపే. ఉదయం ఎనిమిదిన్నరకి వస్తారు, ఒంటిగంటకి అన్నం పెడతాను, సాయంత్రం ఐదున్నరకి పోతారు. సాయానికి మా అత్త ఉంది గానీ ఆమెకి మోకాళ్ళ నొప్పులు. బొమ్మలకి లోటు లేదు, హాలు సగం బొమ్మలే. అయినా దేనితోనూ పది నిమిషాలు ఆడరు. పదకొండయ్యేసరికి విసరడం, కొట్టుకోవడం, ఒకడైతే కొరుకుతాడు. ఏం తోచక ఫోన్లో పాటలు పెడుతున్నా, ఆపితే మళ్ళీ ఏడుపు. ఒక బాబు ఎవరితోనూ కలవడు, మూలన నిలబడి చూస్తుంటాడు. ఇంకోవైపు ఒక తల్లి "ఇంత ఫీజు కడుతున్నాం, ఏబీసీడీలు కూడా నేర్పట్లేదే" అంది. ఎండాకాలం వస్తోంది, బయటికి తీసుకెళ్ళలేను. పదిహేను వేలు పెట్టి ప్లాస్టిక్ జారుడుబండ, బాల్ పూల్ కొందామనుకుంటున్నా. కొనమంటారా?

జవాబు:

కొనొద్దు చెల్లీ. బాల్ పూల్ వచ్చిన రెండు రోజులు మురిసిపోతారు, మూడో రోజు నుంచి ఆ బంతులు మంచాల కింద, ఫ్రిజ్ వెనక నువ్వే ఏరుకుంటూ తిరగాలి, ఎవడో ఒకడు అందులోనే ఉచ్చ పోస్తే అన్నీ కడిగి ఆరబెట్టాలి. జారుడుబండ మిద్దె మీద పెడితే మన ఎండకి ముట్టుకోలేనంత కాలుతుంది, హాల్లో పెడితే ఉన్న కాస్త జాగా పోతుంది. నీ ఇంట్లో ఇప్పటికే బొమ్మలు ఎక్కువైపోయాయి, పైగా తిండీ నిద్రా వేళలు కాస్త పక్కకి జరిగాయి, నీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది ఇదే.

ముందు ఆ పదకొండు గంటల సంగతి చూద్దాం. నువ్వు దాన్ని బోర్ అనుకుంటున్నావు, నాకు అందులో ఆకలీ నిద్రా కనిపిస్తున్నాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ డ్యూటీకి పోయే ఇళ్ళు అవి. పిల్లాణ్ణి ఆరుకో ఆరున్నరకో లేపి, స్నానం పోసి, రెండు ఇడ్లీ ముక్కలో ఇంత ఉగ్గానో నోట్లో కుక్కి, బండి ముందర నిలబెట్టుకొని నీ గడపలో దింపి పోతారు. పదకొండయ్యేసరికి వాడు లేచి నాలుగున్నర, ఐదు గంటలు అయింది. ఏడాది, రెండేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నాన్న ఇంటికొచ్చేదాకా మేలుకొని రాత్రి పదికి పడుకొని ఆరుకి లేచినవాడికి ఎనిమిదే అయ్యాయి. మిగతా మూడు గంటలు నీ ఇంట్లోనే పడాలి మరి. కాబట్టి ఒంటిగంటకి పెట్టే అన్నం పదకొండున్నరకి జరుపు, పన్నెండుంపావుకల్లా చాపలు పరిచెయ్, కర్టెన్లు దించెయ్. పది గంటలకి ఒక అరటిపండు, కాసిని నీళ్ళు. ఎండాకాలం అయితే పల్చటి మజ్జిగ. ఒక్క ఈ మార్పుతోనే కొరకడం ఎంత తగ్గుతుందో చూడు, ఆ తర్వాత బొమ్మల గురించి మాట్లాడుకోవచ్చు. మధ్యాహ్నం పడుకోబెడితే రాత్రి నిద్రపోవట్లేదని ఒకరిద్దరు తల్లులు గొణుగుతారు, గొణగనీ. మూడు దాటకుండా లేపేస్తానని చెప్పు, చాలు.

ఇప్పుడు బొమ్మలు. హాలు సగం బొమ్మలే అన్నావు కదా, అవి కింద ఎలా ఉంటాయో నాకు తెలుసు: చక్రం ఊడిన కారు, బ్యాటరీ అయిపోయిన ఏనుగు, సగం ముక్కలు పోయిన బ్లాకులు, టీచర్ కిట్ అని కొన్న ఫ్లాష్ కార్డులు, అన్నీ కలిపి ఒకే పెద్ద బుట్టలో. పిల్లాడు దాన్ని బోర్లిస్తాడు. బోర్లించడమే వాడి ఆట, ఆ తర్వాత ఆ గుట్టలో వాడికి ఏదీ విడిగా కనబడదు. అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఒక పరిశీలన ప్రచురించారు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ పిల్లల్ని ఒకసారి 4 బొమ్మలున్న గదిలో, ఇంకోసారి 16 బొమ్మలున్న గదిలో వదిలి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు ఆడారు, దాన్నే రకరకాలుగా వాడారు. పదహారు ఉన్నప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతూనే ఉన్నారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, నువ్వు అడగకముందే చెప్తాను. ఆ పరిశీలనలో పిల్లలు ఒక్కొక్కరే ఆడుకున్నారు. నీ దగ్గర ఏడుగురు. నాలుగు బొమ్మలు పెట్టి ఏడుగురిని వదిలితే యుద్ధమే. అందుకే మనం చేయాల్సింది రకాలు తగ్గించి, ఒక్కో రకంలో ఎక్కువ పెట్టడం. ఒక ఎర్ర కారు, ఒక పచ్చ బంతి, ఒక ఏనుగు ఉంటే ముగ్గురూ ఎర్ర కారు కోసమే కొట్టుకుంటారు. పద్నాలుగు స్టీలు గ్లాసులు ఉంటే ఎవరూ కొట్టుకోరు. ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అని బ్రిటన్‌లో పసిపిల్లల సంరక్షణ కోసం చాలా కాలం పనిచేసిన ఆవిడ ఉండేది. రెండో ఏడు నడుస్తున్న పిల్లల గుంపుకి బొమ్మలు తీసేసి డబ్బాలు, మూతలు, గొలుసులు, చెక్క ముక్కలు, అట్ట గొట్టాలు, ఒక్కో రకం బోలెడన్ని సంచుల్లో పోసి పెట్టేది. పిల్లలు నింపుతారు, ఒంపుతారు, మళ్ళీ నింపుతారు. పెద్దవాళ్ళు ఒక పక్కన కూర్చొని నోరు మూసుకొని చూడాలి, అంతే. మన అవ్వలు వంటింట్లో పిల్లల ముందు నాలుగు గిన్నెలు పడేసి తమ పని తాము చూసుకునేవాళ్ళు కదా, ఆవిడ దానికి ఒక పద్ధతి పెట్టింది, అది కూడా ఏడెనిమిది మంది ఉన్న గదికి సరిపోయేటట్టు.

నీకేం కావాలో చెప్తాను, వై.వి. స్ట్రీట్ వైపు పోయినప్పుడు ఒక పూటలో అయిపోతుంది. మూతలున్న స్టీలు డబ్బాలు నాలుగైదు సైజుల్లో, చిన్న గ్లాసులు, రెండు మూడు జల్లెడలు, గరిటెలు, వెడల్పాటి గాజులు. గాజులంటే గాజువి కాదు, చెక్కవో లోహానివో. ఇంట్లో ఉన్న టిష్యూ రోల్ గొట్టాలు, అట్ట పెట్టెలు, పాత చున్నీలు పారేయకు. ఇక అన్నిటికంటే పనికొచ్చేది నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్, పాతది, కాస్త వదులైందైతే ఇంకా మంచిది. మా ఇంట్లో రెండేళ్ళు నిండని ఒక పిల్ల దాని ముందు కూర్చుంటే చూడాలి. గిన్నెలన్నీ తీసి వరసగా పెడుతుంది. ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెడితే కూర్చుంటుంది, తలకిందులుగా పెడితే కూర్చోదు, అది ఆమెకి కోపం. చేత్తో కొట్టి చూస్తుంది, తిప్పుతుంది, పక్కకి జరిపి మళ్ళీ తిప్పుతుంది, టక్కుమని కూర్చున్న క్షణంలో తల పైకెత్తి ఎవరైనా చూశారా అని చూస్తుంది. వెంటనే అన్నీ పీకేస్తుంది. ఇందులో నేర్చుకున్నది ఎంతో ఉంది, ఏ ఫ్లాష్ కార్డూ ఆ పిల్లని అంతసేపు కూర్చోబెట్టలేదు.

ఇవన్నీ మూడు గోనెసంచుల్లాంటి గుడ్డ సంచుల్లో పెట్టుకో, ఒకసారికి ఒక సంచే బయటికి రావాలి. ఉన్న ప్లాస్టిక్ బొమ్మల్లో పనికొచ్చేవి ఒక పదో పన్నెండో ఉంచి మిగతావి అటక ఎక్కించు. సంచి ఎప్పుడు మార్చాలి అంటే తారీఖు చూసి మార్చొద్దు, పిల్లల్ని చూసి మార్చు. నింపడం మానేసి విసరడం మొదలైతే ఆ సంచి పని అయిపోయింది. విసిరే పిల్లాణ్ణి తిట్టి లాభం లేదు, రెండేళ్ళకి విసరాలనిపిస్తుంది, అంతే. పాత సాక్సులు ఉండలు చుట్టి, గోడ దగ్గర బట్టల బుట్ట పెట్టి, "ఇక్కడ వెయ్" అను.

సర్దడం కూడా ఆటలో భాగమే సుమా. "సర్దండి" అని కేక వేస్తే ఎవరూ కదలరు. నువ్వు సంచి నోరు తెరిచి పట్టుకొని "గ్లాసులు, గ్లాసులు, ఇంకా ఎక్కడున్నాయి గ్లాసులు" అని ఒక్కో రకం అడుగు, తెచ్చి వేస్తారు.

ఇక నీళ్ళు. ఎండాకాలం బయటికి తీసుకెళ్ళలేను అన్నావు. ఏప్రిల్, మే నెలల్లో కడపలో పొద్దున పది దాటితే పెద్దవాళ్ళకే ప్రాణం మీదికి వస్తుంది, అందులో తప్పేం లేదు. తొమ్మిదిన్నర లోపల ఒక అరగంట వాకిట్లోనో మిద్దె నీడలోనో పరుగెత్తించు, ఆ తర్వాత సాయంత్రం ఐదు దాకా లోపలే. లోపల ఉన్నంతసేపు నీళ్ళే నీకు దిక్కు. వెడల్పాటి టబ్బులో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు, గ్లాసులు, జల్లెడ, గరాటు, రెండు గుడ్డ ముక్కలు. ఏ పిల్లాడైనా జల్లెడలో నీళ్ళు ఎందుకు నిలవట్లేదో తేల్చుకోవడానికి పావుగంట ఖర్చు పెడతాడు. గుడ్డ తడిపి పిండడం నేర్పు. ఆ పిండే చెయ్యే రేపు పలక బలపం పట్టుకునే చెయ్యి, ఆ ఏబీసీడీల తల్లికి ఈ మాట గుర్తుపెట్టుకొని చెప్పు.

మీ ఊరికి ఇంకో సౌకర్యం ఉంది, మీకు అలవాటైపోయి కనబడదు. కడప బండ. వరండాలోనో, వెనక వాకిట్లోనో, మెట్ల మీదో పాలిష్ లేని నల్లబండ ఉండకపోదు. గోడకి రంగు వేసే రెండించీల బ్రష్షు ఒక్కొక్కరికీ ఒకటి కొనివ్వు, చెంబుల్లో ఇన్ని నీళ్ళు పోసి ఇవ్వు, బండ మీద గీసుకోమను. పొడి బండ బూడిద రంగులో ఉంటుంది, తడి తగిలిన చోటల్లా కాటుకలా నల్లబడుతుంది, మన వేడికి గీసిన గీత రెండు నిమిషాల్లో ఒక చివర నుంచి మాయమైపోతుంది. పిల్లలు దాని వెంటపడి మళ్ళీ గీస్తారు. రంగు ఖర్చు లేదు, గోడలు పాడవవు, బట్టలు తడిస్తే ఆరిపోతాయి. మా అనంతపురంలో నేను ఈ పని కోసమే ఒక పాత బండ వేయించుకున్నాను. కాలిన బండ మీద మాత్రం కూర్చోబెట్టొద్దు, నీడలో ఉన్నదే చూసుకో, ముందు నీ అరచెయ్యి ఆనించి చూడు.

నీళ్ళతో ఆడేటప్పుడు ఒక్క విషయంలో నేను కఠినంగా ఉంటాను. టబ్బు దగ్గర నుంచి లేవకూడదు. ఫోన్ మోగినా, కుక్కర్ కూసినా, గేటు దగ్గర ఎవరు పిలిచినా. లేవాల్సి వస్తే ముందు టబ్బు బోర్లించి లెయ్. ఈ వయసు పిల్లలకి తల బరువు, బకెట్‌లోకి తొంగి చూసి తల్లకిందులైతే వాళ్ళంతట వాళ్ళు పైకి రాలేరు, శబ్దం కూడా రాదు. బాత్రూంలో నిండు బకెట్ ఉంచి తలుపు తీసిపెట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది, నీళ్ళు వచ్చే టైమ్‌లో పట్టి పెట్టుకోవాలి కాబట్టి. పెట్టుకో, కానీ బయట నుంచి పైన గొళ్ళెం పెట్టించు.

చిన్న వస్తువుల గురించి కూడా. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూడు, ఆ సున్నాలోంచి జారిపోయేది ఏదీ ఆ గదిలో ఉండకూడదు. చింతగింజలు, శనగలు, సీతాఫలం గింజలు, చొక్కా గుండీలు. ఇంటి నుంచి జేబుల్లో తెచ్చే శెనక్కాయలు కూడా, మనవైపు ఇది మరీ ఎక్కువ, పొద్దున దింపేటప్పుడే జేబులు చూసి తీసి పెట్టు, ఎవరేమనుకున్నా సరే. పాటలు పాడే బొమ్మల్లో, రిమోట్లలో ఉండే బిళ్ళలాంటి బ్యాటరీ మింగితే గంటల్లోనే గొంతులో కాలిన పుండు పడుతుంది. అలాంటిది మింగాడని అనుమానం వచ్చినా సాయంత్రం దాకా చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. బ్యాటరీ మూతకి స్క్రూ లేని బొమ్మ ఉంటే ఈరోజే బయట పడెయ్.

పిండి ముద్దలు కూడా బాగా పనిచేస్తాయి. గోధుమపిండి కలుపు, జొన్నపిండి అయితే సాగదు, విరిగిపోతుంది, పిల్లలకి చిరాకు. కొంచెం నూనె, పసుపో బీట్‌రూట్ నీళ్ళో రంగుకి. ఇంటర్నెట్‌లో చెప్పే పద్ధతుల్లో కప్పుల లెక్కన ఉప్పు వేయమంటారు, వెయ్యకు, వీళ్ళు కచ్చితంగా తింటారు, అంత ఉప్పు పసివాళ్ళకి ప్రమాదం. ఏ పూటకి ఆ పూట కలిపి సాయంత్రం పారెయ్.

మీ అత్తగారికి మోకాళ్ళ నొప్పులు అన్నావు గానీ చేతులు బాగున్నాయిగా, ఆమెని ఒక కుర్చీలో కూర్చోబెట్టి కూర పని ఆమెకి అప్పజెప్పు. కత్తిపీట మాత్రం వద్దు. కరివేపాకు దూయడం, తోటకూర ఆకులు తుంచడం, ఉతికిన చిన్న గుడ్డలు మడవడం. ఆమె చుట్టూ ఇద్దరు ముగ్గురు చేరతారు, నువ్వు పిలవక్కర్లేదు. పెద్దవాళ్ళు నిజంగా చేసే పనిలో చెయ్యి పెట్టడం కంటే ఈ వయసులో పెద్ద ఆట లేదు, కరివేపాకు సగం కింద పడుతుంది, పడనీ. ఆమెకీ పిల్లల వెనక లేచి పరుగెత్తే బాధ తప్పుతుంది.

ఇప్పుడు నీ గురించి ఒక మాట, కోపం తెచ్చుకోవద్దు. ఉత్తరం చూస్తే నువ్వు రోజంతా వాళ్ళని ఆడిస్తున్నావనిపిస్తోంది. పాట పాడి, చప్పట్లు కొట్టి, ఇది చూడు అది చూడు అని ఒక బొమ్మ తర్వాత ఒకటి చేతికిచ్చి. అలా అయితే వాళ్ళు నీకోసం ఎదురుచూడటం నేర్చుకుంటారు, నువ్వు అన్నం కలపడానికి లేవగానే ఏడుపు. సంచి బోర్లించాక నేల మీద కూర్చో, అందరూ కనిపించేచోట, వీపు గోడకి ఆనించి. మాట్లాడకు. ఎవరైనా నీ వైపు చూస్తే చూసి నవ్వు. ఏదైనా తెచ్చి నీ ఒళ్ళో పెడితే తీసుకో, తిరిగి అడిగితే ఇవ్వు. "ఇదేం రంగు? ఇవెన్ని?" అని పరీక్ష పెట్టావో ఆట ఆగిపోతుంది. మాటలు అన్నం పెట్టేటప్పుడు, కాళ్ళు కడిగేటప్పుడు, చెడ్డీ మార్చేటప్పుడు ఎన్నైనా చెప్పు, అప్పుడు ఒక్కొక్కరే నీ చేతిలో ఉంటారు కాబట్టి ఆ మాటలు బాగా వింటారు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదింటి దాకా ఒకసారి, పదిన్నర నుంచి పదకొండుంపావు దాకా ఒకసారి, ఇలా ఎవరూ అడ్డుపడని ఆట ఉంటే చాలు. సాయంత్రం నిద్ర లేచాక ఒంటిపని ఎక్కువుండాలి: పరుపులు కింద పరిచి దొర్లించు, అట్ట పెట్టెలు తోయించు, దాగుడుమూతలు ఆడించు. ఈ వయసువాళ్ళకి రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదలాలని నిద్ర లెక్క చెప్పిన అదే మార్గదర్శకాల్లో ఉంది, ఎగిరినా దూకినా ఊరికే అటూ ఇటూ నడిచినా అన్నీ కలిపే.

ఫోన్ సంగతీ అందులోనే చెప్పారు: రెండేళ్ళ లోపు వాళ్ళకి స్క్రీన్ వద్దు, ఆపైన గంట మించొద్దు, ఎంత తక్కువైతే అంత మంచిది. నీ దగ్గర సగం మంది రెండేళ్ళ లోపే ఉంటారు. ఇంటికి పోయాక వాళ్ళు ఎంతసేపు చూస్తారో మనకి తెలియదు, నీ దగ్గర సున్నా పెట్టుకోవడమే సులువు. వంట కోసమే పెడుతున్నావంటే వంట ఎనిమిదిన్నర లోపల ముగించు, అన్నం వేడి పోకుండా హాట్‌బాక్స్‌లో పెట్టు. అది కుదరకపోతే పది నుంచి పన్నెండు దాకా పొయ్యి చూడటానికి ఒక ఆయమ్మని పెట్టుకో. జారుడుబండ కోసం దాచిన డబ్బులు దానికి వాడు. ఏడుగురు పసివాళ్ళకి నువ్వొక్కదానివే నడవగలిగే మనిషివి, అది సరిపోదు. పైగా ఇంకో ముగ్గుర్ని చేర్చుకుందామనే ఆలోచన ఉంటే ఆయమ్మ కుదిరాకే.

కొరికే పిల్లాడు: ఎప్పుడు కొరుకుతున్నాడో నాలుగు రోజులు క్యాలెండర్ మీద రాసి పెట్టు, టైమ్, పక్కన ఎవరున్నారు, ముందు ఏం జరిగింది. దాదాపు ఎప్పుడూ మూడు కారణాలే బయటపడతాయి: నిద్ర ముంచుకొచ్చినప్పుడు, ఇరుకులో నొక్కుకున్నప్పుడు, మాట రాక "నాది" అని చెప్పలేనప్పుడు. ముందు కొరికించుకున్న పిల్లని ఎత్తుకో, ఆ తర్వాత వీడికి కళ్ళలోకి చూసి "కొరకొద్దు, నొప్పి" అని చిన్నగా, గట్టిగా. తిరిగి కొరికి చూపించమని సలహా ఇచ్చేవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉంటారు, వినకు. కొరికిన సంగతి ఇద్దరు తల్లులకీ చెప్పాలి, కానీ కొరికింది ఎవరో రెండో తల్లికి చెప్పకు, సాయంత్రం నీ గేటు దగ్గరే పంచాయితీ అవుతుంది.

మూలన నిలబడే బాబు గురించి నువ్వు పడుతున్నంత టెన్షన్ అక్కర్లేదు. చూడటం కూడా ఆటే. మిల్డ్రెడ్ పార్టెన్ అనే ఆవిడ 1932లోనే పిల్లల ఆటని దశలుగా విడదీసి రాసింది, ఊరికే పక్కన నిలబడి చూడటం అందులో ఒకటి, పక్కపక్కన కూర్చొని ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవడం ఇంకొకటి. ఈ వయసులో కలిసి ఆడమంటే ఆడరు, పక్కన కూర్చొని ఆడటమే వాళ్ళకి కలిసి ఆడటం. వాడి దగ్గర రెండు గ్లాసులు, ఒక డబ్బా పెట్టి నువ్వు వచ్చెయ్, బతిమాలొద్దు. ఒకటి మాత్రం గమనించు: పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, కావలసినది వేలితో చూపిస్తున్నాడా, నవ్వితే నవ్వుతున్నాడా. వీటిలో ఏది లేకపోయినా, లేదా రెండేళ్ళు నిండినా రెండు పదాలు కలిపి అనకపోయినా, వాళ్ళమ్మతో విడిగా, మంచి మాటగా, పిల్లల డాక్టరుకి చూపించమని చెప్పు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పిల్లల్ని ఉచితంగా చూడటానికి జిల్లా స్థాయిలో డీఈఐసీ అని కేంద్రాలు పెట్టారు, పెద్దాసుపత్రిలో అడిగితే చెప్తారు. జబ్బు పేరేదీ నీ నోటితో అనకు, అది డాక్టరు పని.

ఏబీసీడీల తల్లికి ఏం చెప్పాలి అంటే, వాదించొద్దు. ఆమె భయం ఆమెది, పక్కింటి పిల్ల ఒకటి నుంచి ఇరవై దాకా ఒప్పజెప్తుంటే ఎవరికైనా కడుపులో దడే. అక్షరాభ్యాసం కూడా కాని పిల్లకి పలకేమిటని మీ అత్తగారి చేత అనిపించు, ఆ మాట పెద్దవాళ్ళ నోట బాగుంటుంది. కాగితం మీద చూపించాలంటే 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మూడేళ్ళ లోపు పిల్లల కోసం నవచేతన అని ఒక పుస్తకం తెచ్చింది, అందులో నెలల వయసు ప్రకారం చేయాల్సిన ఆటలూ మాటలే ఉన్నాయి, రాత లేదు. అన్నిటికంటే పనిచేసేది సాయంత్రం గేటు దగ్గర చెప్పే ఒక్క వాక్యం. "బాగా ఆడుకుంది" అంటే ఆమెకి ఏమీ అర్థం కాదు. "ఈరోజు క్యారియర్ గిన్నెలు నాలుగూ తనే వరసగా పేర్చింది, మూత మాత్రం పట్టలేదని కోపమొచ్చింది" అను. ఇంటికి పోయి ఆమె కూడా క్యారియర్ తీసి చూస్తుంది, పందెం.

మొదటి మూడు నాలుగు రోజులు గోల ఎక్కువే ఉంటుంది, ఫోన్ అడుగుతారు, పాత బొమ్మలు ఏవని వెతుకుతారు, నీకు కూడా చేతులు కట్టుకొని కూర్చోవడం అలవాటు లేదు కాబట్టి మధ్యలో లేచి ఏదో ఒకటి చేతికివ్వాలనిపిస్తుంది. అన్నీ ఒకేసారి మార్చకు. ఈ సోమవారం అన్నం, నిద్ర టైమ్ మార్చు, బొమ్మలు అటకెక్కించు. క్యారియర్, డబ్బాల సంచి వచ్చే వారం తియ్. ఫోన్ ఆ తర్వాత ఆపినా పరవాలేదు, అప్పటికి అడిగేవాళ్ళు సగం తగ్గి ఉంటారు. నెల తర్వాత ఆ కొరికే పిల్లాడి క్యాలెండర్ కాగితం ఫోటో తీసి నాకు పంపు, ఇంకా తగ్గకపోతే ఏ టైమ్‌లో ఏం మార్చాలో చూద్దాం.